చూడగానే తెలిసే వాచీ

చేతికి వాచీ కొనాలనుకున్నప్పుడు మనం మొదట అడిగేది ఏ కంపెనీదని, తరువాత అడిగేది ఎంతలో వస్తుందని. ఆ పైన బంగారు రంగు బావుంటుందా స్టీలు రంగు బావుంటుందా, బెల్టు తీసుకోవాలా చైను తీసుకోవాలా అన్న చర్చ నడుస్తుంది. ఒక్క చూపులో ఇందులో టైము తెలుస్తుందా అన్న ప్రశ్న మాత్రం కౌంటరు దగ్గర అరుదుగా వినిపిస్తుంది. వాచీ ఉన్నదే అందుకు గనుక ఆ గుణం ఎలాగూ ఉంటుందని అనుకుంటాం. చాలా వాచీల్లో అది ఉండదు, ఖరీదైన వాటిలోనూ ఉండదు. ఇవాళ బజారులో దొరికే వాచీల్లో టైము సరిగ్గా నడవడం ధరను బట్టి లేదు, టైము స్పష్టంగా కనిపించడమూ ధరను బట్టి లేదు. మొదటిది చవకలోనే అందరికీ అందుబాటులోకి వచ్చింది. రెండోదాన్ని మాత్రం మనమే ఏరుకోవాలి. అందువల్ల ధర చీటీ కన్నా ముందు డయలు చూసి ఎంచుకునేవాళ్లకు తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం పనికొచ్చే వాచీ దొరుకుతుందని నా వాదన. దానికి నాకున్న ఆధారాలు, దానిమీద రాగల అభ్యంతరాలు ఈ పూట మీ ముందు పెడతాను.

ముందు నడక సంగతి. ఖరీదైన వాచీ అంటే కచ్చితమైన వాచీ అన్న నమ్మకం కీ ఇచ్చే వాచీల కాలం నాటిది. ఆ కాలంలో అది నిజం కూడా. కీ వాచీలో చుట్టిపెట్టిన స్ప్రింగు నెమ్మదిగా విచ్చుకుంటూ ఒక చిన్న చక్రాన్ని అటూ ఇటూ ఊపుతుంది. ఆ ఊపులను లెక్కపెట్టి ముళ్లను తిప్పడమే వాచీ పని. వాచీ నిలువుగా ఉంటే ఆ చక్రం ఒకలా ఊగుతుంది, వెల్లకిలా పెడితే మరోలా ఊగుతుంది. లోపలి నూనె చిక్కబడితే ఊపు తగ్గుతుంది. ఎండకూ చలికీ తేడా వస్తుంది. వీటన్నిటినీ సర్దాలంటే మంచి లోహం, నేర్పున్న చెయ్యి, ఎన్నో గంటల శ్రమ కావాలి. అందుకే అప్పట్లో ధర పెరిగే కొద్దీ నడక మెరుగయ్యేది. స్విట్జర్లాండులో ఇలాంటి వాచీలను పరీక్షించి క్రోనోమీటర్ అని ధ్రువపత్రం ఇచ్చే అధికారిక సంస్థ ఇప్పటికీ ఉంది. రోజుకు సగటున 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకు వెళ్లినా వాచీ ఆ పరీక్షలో పాసైనట్టే. రోజుకు 6 సెకన్లంటే నెలకు 3 నిమిషాలు. అంటే లక్షలు పోసి కొన్న ధ్రువపత్రపు వాచీ నెలకు 3 నిమిషాలు ముందుకు పోయినా అందులో లోపం ఉన్నట్టు కాదు. ఇక సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీని చూడండి. వెయ్యి రూపాయల వాచీ డబ్బాలో పెట్టే కాగితం మీద సాధారణంగా నెలకు 15 నుంచి 30 సెకన్ల తేడా రావచ్చని ఉంటుంది. ఆ పెద్ద వాచీకి ఒక వారంలో రాగల తేడా ఈ చిన్న వాచీకి నెలంతా కలిపినా రాదు.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే ధర మీద భ్రమ సగం తీరిపోతుంది. క్వార్ట్జ్ అనేది ఒక స్ఫటికం. దాన్ని శ్రుతిదండం ఆకారంలో చిన్న ముక్కగా కోసి, కాస్త విద్యుత్తు అందిస్తే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకెను కావాలనే ఎంచుకున్నారు. 15 రెళ్లను వరసగా హెచ్చిస్తే వచ్చే మొత్తం ఇదే. లోపలి చిప్పు ఆ కంపనాలను సగం చేస్తుంది, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తుంది, అలా 15 సార్లు చేసేసరికి సెకనుకు సరిగ్గా ఒక్క తాకిడి మిగులుతుంది. ఆ తాకిడికే సెకన్ల ముల్లు ఒక గీత ముందుకు దూకుతుంది. ఎనిమిది వందల క్వార్ట్జ్ వాచీలోనూ ఎనభై వేల క్వార్ట్జ్ వాచీలోనూ దాదాపుగా ఇదే స్ఫటికం, ఇదే భాగహారం. దీనికీ ఒక బలహీనత ఉంది. ఈ స్ఫటికం సుమారు 25 డిగ్రీల వేడి దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు, అంతకన్నా వేడెక్కినా చల్లబడినా కాస్త నెమ్మదిస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో తలుపులు మూసిన కారులో వాచీ వదిలేస్తే, ఆ వేడిలో ఉన్నంతసేపూ అది రోజుకు కొన్ని సెకన్ల లెక్కన వెనకబడుతుంది. చేతికి ఉంటే మాత్రం ఒంటి వేడి దాన్ని ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే తీరులో ఉంచుతుంది. వాచీ సరిగ్గా నడవాలంటే దాన్ని రోజూ పెట్టుకోవడమే మేలు.

ఈ మార్పు ధరల్లో తెచ్చిన తేడా ఇంతా అంతా కాదు. జపానులో సీకో కంపెనీ తొలి క్వార్ట్జ్ చేతి వాచీని 1969 డిసెంబరు 25న అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర 4,50,000 యెన్లు. అప్పట్లో ఆ దేశంలో ఆ డబ్బుకు చిన్న కారు వచ్చేది. తరువాతి పదిహేనేళ్లలో అదే పరిజ్ఞానం గుమాస్తాల చేతులకూ విద్యార్థుల చేతులకూ చేరింది. 1970లో స్విట్జర్లాండు వాచీ పరిశ్రమలో పనిచేసేవాళ్లు సుమారు 90 వేలమంది ఉంటే, 1980ల మధ్యకల్లా 30 వేల పైచిలుకుకు పడిపోయారు. మన దేశంలో హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా అనే కీ వాచీ మధ్యతరగతి ఇళ్లలో ఎంతమంది చేతులకు తొలి వాచీ అయిందో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ సీకో సహకారంతో వాచీలు తెచ్చింది. 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి టైటాన్ స్థాపించి, హోసూరులో మొదటినుంచీ క్వార్ట్జ్ మీదే నిలబడ్డారు. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ మూతకు చాలా కారణాలు ఉన్నాయి, నేను వాటి జోలికి పోవడం లేదు. కొనేవాడికి ఇందులో తెలియాల్సింది ఒక్కటే. సరైన టైము ఒకప్పుడు డబ్బున్నవాళ్ల సొత్తు. ఇప్పుడు కాదు. కాబట్టి రెండు వేల రూపాయల పైన పెట్టే ప్రతి రూపాయికీ ఏం వస్తోందని అడిగి తెలుసుకునే హక్కు మనకుంది. లోహం రావచ్చు, పనితనం రావచ్చు, పేరు రావచ్చు, అందం రావచ్చు. టైము మాత్రం అదనంగా రాదు.

ఇప్పుడు అసలు విషయానికి, కనిపించడానికి వద్దాం. టైము తప్పుగా చదివితే ప్రాణం మీదికి వచ్చేవాళ్లు ఎలాంటి డయలు కోరుకున్నారో చూడటం కన్నా మంచి ఆధారం నాకు దొరకలేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం తన సైన్యం కోసం పన్నెండు స్విస్ కంపెనీల చేత వాచీలు చేయించింది. కంపెనీలు వేరైనా నియమాలు ఒకటే. నల్లటి డయలు, దానిమీద తేటగా కనిపించే అంకెలు, చీకట్లో మెరిసే ముళ్లు, అంచున నిమిషాల గీతలు, నీళ్లు దూరని కేసు, పగిలి చెల్లాచెదురు కాని అద్దం. అలంకారం ఒక్కటీ లేదు. అదే కాలంలో, 1944లో, స్విస్ రైల్వేల కోసం హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు స్టేషన్ గడియారం రూపొందించాడు. అందులో అంకెలే లేవు. తెల్లటి పలక మీద లావాటి నల్ల గీతలు, లావాటి నల్ల ముళ్లు, అంతే. తరువాత చేర్చిన సెకన్ల ముల్లు ఒక్కటి ఎర్రగా, చివర గుండ్రటి బిళ్లతో, రైలు కదలడానికి సిగ్నలిచ్చే ఉద్యోగి చేతిలో పలకలా ఉంటుంది. ప్లాట్‌ఫారం చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చే మనిషికి కూడా అది తెలియాలన్నదే ఆ రూపకల్పన వెనక ఉద్దేశం. ఒకటి నలుపు మీద తెలుపు, ఒకటి తెలుపు మీద నలుపు. ఒకదానిలో అంకెలున్నాయి, రెండోదానిలో లేవు. రెండిట్లోనూ ఉమ్మడిగా ఉన్నవి మూడే: డయలుకూ ముల్లుకూ రంగులో గట్టి తేడా, లావుపాటి ముళ్లు, చూపును పక్కకు లాగే బొమ్మలేవీ లేకపోవడం. రంగు ఏదన్నది రుచికి సంబంధించిన సంగతి. ఈ మూడూ అలా కావు.

షోరూముకు వెళ్లి చూస్తే సరిగ్గా ఈ మూడే లోపిస్తాయి. వెండి రంగు డయలు మీద మెరుగు పెట్టిన వెండి ముళ్లున్న వాచీని చేతిలోకి తీసుకుని పైన వెలిగే లైటు కింద కాస్త అటూ ఇటూ వంచి చూడండి. ఆ ముల్లు అద్దంలా పనిచేస్తుంది. ఒక వంపులో పైకప్పు తెలుపు దానిలో కనిపించి డయలులో కలిసిపోతుంది, ఇంకో వంపులో మీ చొక్కా నీడ పడి నల్లబడుతుంది. ముల్లు ఎటు ఉందో వెతుక్కోవాలి. షోకేసులో వాచీలన్నీ సాధారణంగా పది గంటల పది నిమిషాల దగ్గర ఆపి ఉంచుతారు. ఆ భంగిమలో రెండు ముళ్లూ పైకి విచ్చుకుని, మధ్యలో కంపెనీ పేరు కనిపిస్తూ, ఏ వాచీ అయినా చక్కగా ఉంటుంది. అమ్మే కుర్రాణ్ని అడిగి ముళ్లను మూడుంపావుకూ, ఆరున్నరకూ తిప్పించండి. గంటల ముల్లూ నిమిషాల ముల్లూ పొడవులో దాదాపు సమానంగా ఉంటే ఏది ఏదో తెలియని తికమక అక్కడ బయటపడుతుంది. తేదీ గడి ముల్లు కిందికి పోతుందేమో, లోపలి చిన్న డయళ్లు ముల్లును మింగేస్తున్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది. నిమిషాల ముల్లు చివర అంచున ఉన్న నిమిషాల గీతలను ఇంచుమించు తాకాలి. సగంలో ఆగిపోయే ముల్లుతో ఇరవై రెండో ఇరవై మూడో ఊహించుకోవాల్సిందే.

డయలు పెద్దదైతే చాలు కదా, బాగా కనిపిస్తుంది కదా అని అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. మరీ చిన్న ఆడవాళ్ల వాచీల్లో డయలు బొత్తిగా ఇరుకై, చూడ్డానికి నగలా ఉండి, పనికి అక్కరకు రాకుండా పోవడం నేను ఒప్పుకుంటాను. ఆడవాళ్ల వాచీ అనగానే అంకెలు తీసేసి రాళ్లు పొదగడం తయారీదారుల తప్పు. బస్సు అందుకునే ఉద్యోగినికీ, మందు వేళ చూసే నర్సుకూ టైము అవసరం ఏమీ తక్కువ కాదు. అయితే పెద్ద సైజు ఒక్కటే మందు కాదు. 44 మిల్లీమీటర్ల వెడల్పులో మూడు చిన్న డయళ్లు, చుట్టూ కొలతల గీతలు, నాలుగు బొత్తాలు కుక్కిన వాచీ కన్నా 36 మిల్లీమీటర్ల సాదా వాచీలో టైము త్వరగా తెలుస్తుంది. పెరిగిన జాగానంతా ముళ్లకు ఇవ్వకుండా అలంకారానికి ఇచ్చేస్తే చదివేవాడికి మిగిలేది ఏమీ ఉండదు. సన్నటి మణికట్టు మీద పెద్ద కేసు అంచులు బయటికి పొడుచుకొచ్చి చీర కొంగుకూ, చొక్కా చేతికీ తగులుకుంటాయి కూడా.

కంటి సంగతి తెలిస్తే ఈ వాదనకు ఇంకా బలం వస్తుంది. నలభై దాటాక చాలామందికి చత్వారం వస్తుంది. దగ్గరి వస్తువులు మసకబారతాయి. వాచీని మనం చూసే దూరం మూర కన్నా తక్కువ, సరిగ్గా చత్వారం పట్టుకునే దూరం. పత్రిక చదవాలంటే కూర్చుని కళ్లజోడు పెట్టుకుంటాం. వాచీ చూడ్డానికి ఎవరూ కళ్లజోడు వెతుక్కోరు. నడుస్తూ, బండి ఆపి, చేతిలో సంచీ ఉండగా చూస్తాం. అంటే వాచీని మసక చూపుతోనే చదవాలన్నది దాదాపు ఖాయం. మసకలో సన్నటి అంకెలు అలికినట్టు అయిపోతాయి గాని, లావాటి రెండు ముళ్ల మధ్య కోణం మాత్రం మిగులుతుంది. తొమ్మిదిన్నర అయిందో పావు తక్కువ పది అయిందో ఆ కోణమే చెబుతుంది. పెద్దవాళ్లకు ముళ్ల వాచీ మంచిదని నేను అనడానికి కారణం ఇదే, పాత అలవాటు మీద మమకారం కాదు. వయసుతో పాటు కంటిపాప కుంచించుకుని లోపలికి వెలుతురు తక్కువగా వెళుతుంది. శుక్లాలు మొదలైతే రంగుల మధ్య తేడా కూడా తగ్గిపోతుంది. బూడిద రంగు డయలు మీద నీలం ముళ్లు ఇరవై ఏళ్ల కుర్రాడికి అందంగా కనిపిస్తాయి, వాళ్ల నాన్నకు అసలు కనిపించవు. అంకెల డిజిటల్ వాచీలోనూ ఇదే సూత్రం. లేత రంగు మీద నల్లటి లావాటి అంకెలైతే సరే. నల్లటి తెర మీద బూడిద అంకెలు చూపించే మోడళ్లు ఫొటోలో ఘనంగా ఉంటాయి, సాయంత్రం బస్‌స్టాండులో చదవడం కష్టం. చూపు బాగా తగ్గినవాళ్ల కోసం అద్దం తెరిచి చుక్కలను వేలితో తడిమి టైము తెలుసుకునే బ్రెయిలీ వాచీలను హెచ్ఎంటీ తయారుచేసింది. ఆ సంస్థ చేసిన మంచి పనుల్లో అది ఒకటని నేను అనుకుంటాను. ఇప్పుడు బొత్తాం నొక్కితే టైము పలికే వాచీలు కూడా ఉన్నాయి.

చేతిలో ఫోను ఉండగా వాచీ ఎందుకన్నది తరువాతి అభ్యంతరం. గట్టి అభ్యంతరమే. ఫోనులో టైము నెట్‌వర్కు నుంచి వస్తుంది, మామూలు వాచీ కన్నా కచ్చితంగా ఉంటుంది. ఇంట్లో, ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్లకు వాచీ అక్కర్లేదంటే నేను కాదనను. అలాంటివాళ్లు కొనకుండా ఉండటమే అన్నిటికన్నా పొదుపు. కానీ రెండు చేతులూ పనిలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి. పసిబిడ్డకు దగ్గూ ఆయాసమూ ఉన్నప్పుడు ఆశా కార్యకర్త బిడ్డ పొట్ట కదలికను చూస్తూ నిమిషం పాటు ఊపిరులు లెక్కపెడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40, అంతకు చేరినా దాటినా న్యుమోనియా అనుమానించి ఆసుపత్రికి పంపాలి. ఆమె కళ్లు బిడ్డ మీద ఉండాలి, వాచీకి దక్కేది ఓరచూపు మాత్రమే. అక్కడ సెకన్లు తేటగా కనిపించకపోతే నలభై ఎనిమిదా యాభై రెండా అన్న లెక్క తారుమారు అవుతుంది. నవజాత శిశువుల సంరక్షణకు ఆశాలకు ఇచ్చే కిట్టులో వాచీ ఉండటానికి కారణం ఇదే. నాడి చూసే నర్సు, వెనక సీటులో పిల్లలతో బండి నడిపే తల్లి, కూతకు వచ్చిన రైలు కోసం పెట్టెలు మోసుకెళ్లే మనిషి, వీళ్లెవరికీ జేబులోంచి ఫోను తీసి తెర వెలిగించే వీలుండదు. పరీక్ష హాల్లో ఫోను ఎలాగూ ఉండదు. నీట్ లాంటి పరీక్షలకు ఏ వాచీనీ లోపలికి రానివ్వరు గాని, యూపీఎస్సీ పరీక్షల్లో మామూలు వాచీకి అనుమతి ఉంది, స్మార్ట్ వాచీకి లేదు. మూడు గంటల పేపరు రాసే అభ్యర్థికి ఇంకా ఎంత సమయం ఉందో ముళ్ల మధ్య జాగా రూపంలో కనిపించడం చిన్న సాయం కాదు.

స్మార్ట్ వాచీ గురించి క్లుప్తంగా. నడక, నిద్ర, గుండె లయ గమనించుకోవాలనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు, అది వేరే అవసరం. టైము కోసమే అయితే నేను దాన్ని సలహా ఇవ్వను. కొన్నిటికి రోజూ, కొన్నిటికి వారానికోసారి చార్జింగు పెట్టాలి. లోపలి బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది, సందులో వాచీ రిపేరు చేసే మనిషి దాన్ని మార్చలేడు. సాఫ్ట్‌వేరు పాతబడితే పరికరమే పాతబడుతుంది. మామూలు క్వార్ట్జ్ వాచీకి రెండు మూడేళ్లకోసారి చిన్న సెల్లు చాలు, కొన్ని డిజిటల్ వాచీలకు ఏడేళ్లు కూడా వస్తుంది.

మరి తక్కువ ధర వాచీ త్వరగా పాడైపోదా, చవక బేరం చివరికి నష్టం కాదా అని అడిగేవాళ్లకు సమాధానం చెప్పాలి. పేరూ ఊరూ లేని వాచీ విషయంలో ఆ భయం న్యాయమైనదే. అందుకే నేను అన్నిటికన్నా చవకది కొనమనడం లేదు. వారంటీ కాగితం ఇచ్చే కంపెనీ నుంచి, ఊళ్లో మరమ్మతు చేయగల మనిషి ఉన్న రకం కొనమంటున్నాను. అది వెయ్యి, రెండు వేల మధ్యే దొరుకుతుంది. అదనంగా డబ్బు పెట్టాలనుకుంటే ఎక్కడ పెట్టాలో మీ పనిని బట్టి తేల్చుకోండి. నీళ్లలో పనిచేసేవాళ్లకు మొదటి ఖర్చు నీటి రక్షణ మీద. వెనక మూత మీద 30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకు దిగవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ అంకె కదలని నీటి ఒత్తిడితో చేసిన పరీక్షది. ఆచరణలో దానికి అర్థం చేతులు కడుక్కోవచ్చు, వానలో తడవచ్చు, అంతే. 50 మీటర్లంటే కాసేపు ఈత పరవాలేదు. చెరువులో దిగి వల లాగే మనిషికి, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లకు, బావిలో ఈత కొట్టే పిల్లలకు 100 మీటర్ల రకం కావాలి. నీటిని ఆపేది లోపలి రబ్బరు రింగు. అది ఏళ్లు గడిచే కొద్దీ గట్టిపడుతుంది. సెల్లు మార్పించిన ప్రతిసారీ రింగు కూడా చూడమని చెప్పాలి. ఉప్పునీరు తగిలితే ఆ సాయంత్రమే మంచినీళ్లతో తుడవాలి.

ఇసుకలో, సిమెంటులో పనిచేసేవాళ్లకు ఖర్చు అద్దం మీద పెట్టడం మంచిది. మామూలు గాజు అద్దాన్ని ఇసుక గీరేస్తుంది, ఎందుకంటే ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఆ గాజు కన్నా గట్టిది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటే నీలమణి అద్దం 9 దగ్గర ఉంటుంది, దాని పైన వజ్రం ఒక్కటే. గీతలు పడ్డ అద్దం కింద ఎంత మంచి డయలైనా మసకే కనుక, పదేళ్లు వాడాలనుకునే తాపీ మేస్త్రీకి నీలమణి అద్దం వృథా ఖర్చు కాదు. అదే అద్దం ఆఫీసులో కూర్చునేవారికి అవసరం లేదు. పైపెచ్చు కాంతి ప్రతిఫలించకుండా పూత వేయని నీలమణి అద్దం ఎక్కువగా మెరిసి ముళ్లను దాచేస్తుంది కూడా. పాత వాచీల ప్లాస్టిక్ అద్దానికి గీతలు తేలికగా పడేవి గాని, మెత్తటి గుడ్డతో మెరుగుపెడితే చాలావరకు పోయేవి, పడినా పగిలేది కాదు. కోస్తా ఉక్కలో తోలు బెల్టు చెమటకు నాని వాసన వేస్తుంది. అక్కడ రబ్బరో, నైలానో, స్టీలు చైనో మేలు. బెల్టు పట్టే చోటు వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి అయితే ఏ ఊళ్లోనైనా వందో రెండొందలో పెట్టి కొత్త బెల్టు వేయించవచ్చు. కేసుతో కలిసిపోయిన వింత ఆకారపు బెల్టు తెగితే వాచీ మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది.

రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు చీకట్లో కనిపించే సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. వంద ఏళ్ల కిందట ఈ పనికి రేడియం పూసేవారు. అమెరికాలో కుంచె కొనను పెదాలతో మొన చేసుకుంటూ డయళ్లకు ఆ పూత వేసిన ఆడపిల్లలు ఎందరో 1920లలో దారుణమైన ఎముకల జబ్బులతో చనిపోయారు. ఇప్పటి వాచీల్లో సాధారణంగా వాడేది వెలుతురును పీల్చుకుని నెమ్మదిగా వదిలే పూత, దానిలో రేడియోధార్మికత లేదు. దాని మందాన్ని బట్టే మెరుపు నిలుస్తుంది. ముల్లు మీద గీతంత పూత ఉన్న వాచీ లైటు తీసిన కాసేపటికి ఆరిపోతుంది. అరచేతులతో వాచీని కప్పి లోపలికి తొంగిచూస్తే కొట్లోనే తెలిసిపోతుంది. తెల్లవార్లూ మేలుకునే వాచ్‌మన్‌కు లైటు బొత్తాం ఉన్న డిజిటల్ వాచీయే నయం.

ఇక మిగిలింది మర్యాద సంగతి. పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం, ఉద్యోగ విరమణ సభలో శాలువాతో పాటు వాచీ ఇవ్వడం మనకు ఆనవాయితీ. అక్కడ సాదా వాచీ ఇస్తే తక్కువ చేసినట్టు అవుతుందని పెద్దలు అంటారు. ఆ భావాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వాచీ ఆభరణం కూడా. చక్కటి కీ వాచీలో ఉన్న చేతిపనికి ముచ్చటపడి, స్తోమత ఉండి కొనుక్కునేవారిని తప్పుపట్టే పని నాకు లేదు. కానీ అది నగల లెక్కలో రాసుకోవాల్సిన ఖర్చు, టైము లెక్కలో కాదు. నెల జీతం మీద బతికే ఇంట్లో వాయిదాల మీద ఇరవై వేల వాచీ కొనేటప్పుడు ఈ రెండు లెక్కలనూ కలిపేస్తేనే అప్పు మొదలయ్యేది. అరవై దాటి రిటైరవుతున్న మాస్టారికి అంకెల్లేని బంగారు రంగు డయలూ, వెంట్రుకంత ముళ్లూ ఉన్న వాచీ ఇస్తే ఆయన దాన్ని భద్రంగా బీరువాలో పెడతారు, ఎందుకంటే అందులో ఆయనకు టైము కనిపించదు. అదే డబ్బులో సగానికి, తెల్లటి డయలు మీద నల్లటి లావాటి ముళ్లున్న మంచి వాచీ ఇస్తే రోజూ చేతికి పెట్టుకుంటారు. ఇచ్చినవారికి ఏది గౌరవమో నాకైతే సందేహం లేదు.

కొట్టుకు వెళ్లేముందు ఇంట్లో ఒకసారి వెతకమని కూడా చెబుతాను. చాలా ఇళ్లలో ఆగిపోయిన వాచీ ఏదో ఒకటి సొరుగులో ఉంటుంది. క్వార్ట్జ్ వాచీ ఆగిపోతే ఎక్కువసార్లు అయిపోయింది సెల్లే. దాన్ని అలాగే ఏళ్లపాటు లోపల వదిలేస్తే కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. కనుక వాడకపోయినా సెల్లు తీయించి ఉంచాలి. రిపేరు షాపులో కొత్త సెల్లు వేయించి, రబ్బరు రింగు చూపించి, అద్దం మార్పించి, కొత్త బెల్టు కట్టిస్తే ఎంతవుతుందో ముందే అడగండి. ఆ మొత్తం కొత్త వాచీ ధరలో సగం దాటకపోతే, డయలు మీ కంటికి తేటగా ఆనితే, పాతదే బాగుచేయించుకోండి. దాటితే కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర ఒకసారి కళ్లజోడు తీసి, చెయ్యి చాపి, టైము చదివి చూడండి.